ఆయుధ లైసెన్సు విచారణ: దాటవలసిన గండమా, దాచకూడని వైద్య చరిత్రా?



రక్తపోటు, మధుమేహం, క్షయ, పాముకాటు వంటి విషయాల మీద రాస్తూ వస్తున్న నేను ఈ పర్యాయం తుపాకీ లైసెన్సు గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అందుకు కారణం ఒక ఉత్తరం. తాండూరు ప్రాంతంలో నాపరాతి వ్యాపారం చేసుకునే ఒక పాఠకుడు దానిని పంపారు. కూలీల చెల్లింపులకు నగదు తీసుకొని రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించవలసి వస్తున్నదనీ, ఆత్మరక్షణ కోసం రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు చేయదలచాననీ రాశారు. పోలీసుల విచారణలో ఏమి చెప్పాలో, ఏమి చెప్పకూడదో మిత్రులు ఇప్పటికే పాఠం చెప్పారట. ఉత్తరం చివర ఆయన అడిగిన ప్రశ్న ఇది: "మూడేళ్ళ క్రితం నిద్ర పట్టక, మనసు కుదురుగా లేక ఆరు నెలలు మందులు వాడాను. ఇప్పుడు బాగున్నాను. ఆ సంగతి చెప్పాలా, దాచాలా?"

ఇటువంటి ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. లైసెన్సు విచారణ అనగానే దానిని ఏదో విధంగా దాటవలసిన గండంగా భావించేవారే ఎక్కువ. నా అభిప్రాయం వేరు. ఆ విచారణ స్వభావంలో వైద్య పరీక్ష వంటిది. వైద్యుని ముందు రోగి చరిత్ర చెప్పినట్లే అక్కడ మాట్లాడాలి. వైద్యుడు కూడా రోగిని పరీక్షించినట్లే ఆ కాగితాన్ని పరిశీలించి సంతకం చేయాలి. ఈ రెండూ జరగనప్పుడు నష్టపోయేది ప్రభుత్వం కాదు, దరఖాస్తుదారుని ఇల్లు.

చట్టం ఏమి అడుగుతున్నది?

మన దేశంలో ఆయుధం కలిగి ఉండడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు. అమెరికా రాజ్యాంగానికీ మన రాజ్యాంగానికీ ఈ విషయంలో ఉన్న తేడాను సుప్రీంకోర్టు 2023లో ఒక కేసు విచారణ సందర్భంగా మరోసారి గుర్తుచేసింది. మనకు వర్తించేవి 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి. 2019లో చట్టాన్ని సవరించి ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువును మూడేళ్ళ నుండి ఐదేళ్ళకు పెంచారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపులలో సంబరంగా తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని అప్పుడే చేర్చారు.

వికారాబాద్ 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి వేరుపడి ప్రత్యేక జిల్లా అయింది. హైదరాబాదు వంటి నగరాలలో పోలీసు కమిషనరుకు ఉండే లైసెన్సు అధికారం, కమిషనరేటు లేని ఇటువంటి జిల్లాలో జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు ఉంటుంది. దరఖాస్తు అందిన తరువాత దగ్గరి పోలీసు స్టేషను అధికారి నుండి నివేదిక తెప్పించుకోవాలని చట్టంలోని 13వ సెక్షను నిర్దేశిస్తున్నది. ఆ నివేదికకు నియమావళి 30 రోజుల గడువు విధించింది. కాబట్టి తాండూరు వ్యాపారి అయినా, పరిగి రైతు అయినా మొదట మాట్లాడవలసింది తన ఊరి స్టేషనులోనే.

21 సంవత్సరాలు నిండనివారికి సాధారణ లైసెన్సు ఇవ్వరు. మానసికంగా స్థిమితం లేనివారికీ, మరే కారణం చేతనైనా తగరని అధికారి భావించినవారికీ నిరాకరించాలని 14వ సెక్షను చెబుతున్నది. అదే సెక్షనులో చాలామందికి తెలియని రెండు మంచి మాటలున్నాయి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదు. నిరాకరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. వాటిని వెల్లడించడం ప్రజాహితానికి భంగమని అధికారి భావిస్తే తప్ప, అడిగిన దరఖాస్తుదారునికి ఆ కారణాలను సంక్షిప్తంగా తెలపాలి. ఆ ఉత్తర్వు మీద అప్పీలు చేసుకోవడానికి 18వ సెక్షను ఉన్నది. కాబట్టి నిరాకరణతో దారి మూసుకుపోయినట్లు కాదు. అబద్ధం చెప్పి గట్టెక్కవలసిన అవసరం లేదనడానికి ఇది మొదటి కారణం.

రెండవ కారణం 17వ సెక్షను. ముఖ్యమైన సమాచారాన్ని దాచి, లేదా తప్పుడు సమాచారం ఇచ్చి పొందిన లైసెన్సును తరువాత ఎప్పుడైనా నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. దాచి తెచ్చుకున్న లైసెన్సు పునాది లేని గోడ వంటిది.

స్టేషనులో అడిగే ప్రశ్నల అంతరార్థం

విచారణలో సాధారణంగా వచ్చే ప్రశ్నలు ఇవి. ఆయుధం ఎందుకు కావాలి? ఎవరి నుండి ముప్పు ఉన్నది? ఆ ముప్పు గురించి మునుపు ఫిర్యాదు చేశారా? మీ మీద కేసులున్నాయా? భూమి తగాదాలున్నాయా? దాయాదులతో సఖ్యత ఎలా ఉన్నది? ఇంట్లో ఎవరెవరు ఉంటారు? పిల్లల వయసెంత? మద్యం అలవాటు ఉన్నదా? తుపాకీని ఎక్కడ భద్రపరుస్తారు? వాడడంలో శిక్షణ పొందారా?

ఈ ప్రశ్నలను వరుసగా చదివి చూడండి. ఒక మంచి వైద్యుడు కొత్త రోగిని అడిగే ప్రశ్నల వలెనే లేవా? బాధ ఏమిటి, ఎంతకాలంగా ఉన్నది, ఇంట్లో పరిస్థితి ఏమిటి, అలవాట్లేమిటి, మునుపు ఏ చికిత్స పొందారు అని మేము అడుగుతాము. భూమి తగాదా గురించి అడగడం అవమానించడానికి కాదు. గట్టు దగ్గర మాటామాటా పెరిగిన రోజున నడుముకు తుపాకీ ఉంటే ఏమవుతుందన్నదే ఆ ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్న. పిల్లల వయసు అడగడం ఊసుపోక కాదు. బీరువా తాళం ఎక్కడ దొరుకుతుందో పెద్దల కంటే పిల్లలకే బాగా తెలుసు.

అందుచేత దరఖాస్తుదారులకు నా మొదటి సలహా: జవాబులను కంఠస్థం చేయకండి. పాఠం అప్పజెప్పినట్లు ఉన్న జవాబు అనుభవమున్న అధికారికి వెంటనే తెలిసిపోతుంది. కేసు ఉండి కొట్టివేసి ఉంటే కోర్టు ఉత్తర్వు ప్రతిని వెంట తీసుకుపోండి. బెదిరింపులు వచ్చి ఉంటే వాటి తేదీలు, ఇచ్చిన ఫిర్యాదుల ప్రతులు చూపండి. వ్యాపారం వల్ల ముప్పు ఉన్నదంటే నగదు రవాణా ఎంత తరచుగా జరుగుతుందో, ఏ దారిలో జరుగుతుందో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. వృత్తి, వ్యాపారాల స్వభావం వల్ల ప్రాణానికీ ఆస్తికీ నిజమైన రక్షణ అవసరం ఉన్నవారి దరఖాస్తును పరిశీలించవచ్చునని నియమావళిలోనే ఉన్నది. నిజమైన అవసరానికి అలంకారాలు అక్కరలేదు.

మా వృత్తివారి బాధ్యత

దరఖాస్తుతో పాటు ఎస్‌-3 అనే నమూనాలో వైద్య ధ్రువపత్రం జతచేయాలి. దరఖాస్తుదారుని మానసిక ఆరోగ్యం, శారీరక దారుఢ్యం గురించి, ముఖ్యంగా మత్తు పదార్థాలకు బానిస కాదన్న సంగతి గురించి రిజిస్టర్డ్ వైద్యుడు ధ్రువీకరించాలి. ఈ విచారణ మొత్తంలో వైద్యశాస్త్రం పలికే చోటు ఇది ఒక్కటే. విచారకరమైన విషయమేమిటంటే చాలాచోట్ల దీనిని ఒక ముద్ర, ఒక సంతకంగా మార్చివేశారు. ప్రభుత్వ సర్వీసులో ఉన్న కాలంలో, మనిషి రాకుండా కాగితం మాత్రమే వచ్చిన సందర్భాలను నేను అనేకం చూశాను. "మీకు తెలిసినవారే డాక్టరు గారూ, ఒక్క సంతకం" అనేవారు. తెలిసినవారు కావడం వైద్య పరీక్ష కాదు. మనిషి వస్తేనే రాస్తానంటే కొందరు నొచ్చుకొని మరొకరి వద్దకు వెళ్ళేవారు.

వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల ప్రకారం అసత్యమైన, తప్పుదోవ పట్టించే ధ్రువపత్రంపై సంతకం చేయడం దుష్ప్రవర్తన. రిజిస్టరు నుండి పేరు తొలగించదగినంత తప్పు. ఇచ్చిన ప్రతి ధ్రువపత్రం వివరాలను ఒక రిజిస్టరులో నమోదు చేసి, ప్రతిని భద్రపరచాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. యువ వైద్యులు దీనిని మరువరాదు.

సరైన పరీక్షకు ఎంతసేపు పడుతుంది? అరగంట చాలు. కంటిచూపు, వినికిడి, చేతుల వణుకు, మూర్ఛల చరిత్ర, చక్కెర హఠాత్తుగా పడిపోయే అలవాటు చూడాలి. మద్యం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఆడిట్' అనే పది ప్రశ్నల పట్టిక ఉన్నది. మానసిక కుంగుబాటును గుర్తించడానికి 'పి.హెచ్‌.క్యూ.-9' అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉన్నది. ఈ రెండింటికీ ఏ యంత్రమూ, ఏ ప్రయోగశాలా అవసరం లేదు. ఎదుట కూర్చున్న మనిషితో ఓపికగా మాట్లాడే వైద్యుడు ఉంటే సరిపోతుంది. అనుమానం కలిగితే మానసిక వైద్య నిపుణుని వద్దకు పంపాలి. ఆ సంకోచాన్ని కాగితం మీద రాయడానికి భయపడరాదు.

నా వయసువారి గురించి కూడా ఒక మాట. తండ్రుల కాలం నాటి లైసెన్సును డెబ్బై దాటినా నిలుపుకొంటున్న పెద్దలు మన ఊళ్ళలో ఉన్నారు. మతిమరుపు వ్యాధి ఆరంభంలో అనుమానం ఒక లక్షణం. అర్ధరాత్రి గడప దగ్గర నిలబడిన కొడుకును దొంగగా భ్రమించే స్థితి రావచ్చు. అందువల్ల ఐదేళ్ళకొకసారి వచ్చే రెన్యువల్ సమయంలో వైద్య పరీక్ష మొదటిసారి కంటే లోతుగా జరగాలి తప్ప తేలికగా తీసుకోరాదు.

మానసిక చికిత్స సంగతి చెప్పాలా?

ఇప్పుడు ఆ పాఠకుని ప్రశ్నకు వస్తాను. చెప్పాలి. ధ్రువపత్రం రాసే వైద్యునికి పూర్తిగా చెప్పాలి. విచారణలో అడిగితే అక్కడ కూడా నిజమే చెప్పాలి.

చెబితే లైసెన్సు రాదేమో అన్న భయం నాకు అర్థమవుతున్నది. కానీ చట్టం మీరు అనుకున్నంత కఠినంగా లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షను ప్రకారం, గతంలో చికిత్స పొందడమో ఆస్పత్రిలో ఉండడమో ఆ ఒక్క కారణంతో ఇప్పుడు మానసిక వ్యాధి ఉన్నదని నిర్ధారించరాదు. మానసిక వ్యాధి ఉన్నదని తేలినా, న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ ఒక్క కారణంతో ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివానిగా భావించరాదని కూడా అదే సెక్షను చెబుతున్నది. రోగి వివరాల గోప్యతకు 23వ సెక్షను రక్షణ కల్పిస్తున్నది.

అంటే పరిశీలించవలసింది మూడేళ్ళ క్రితం వాడిన మాత్రలను కాదు, ఈనాటి మనిషిని. నిద్ర పట్టక వైద్యుని వద్దకు వెళ్ళి ఆరు నెలలు క్రమంగా మందులు వాడి కోలుకున్నవాడు తన ఆరోగ్యం పట్ల బాధ్యత చూపినవాడు. నిద్ర పట్టక రోజూ రాత్రి సీసా ముందు కూర్చుంటూ, ఏ వైద్యునీ చూడని మనిషి రికార్డు శుభ్రంగా ఉంటుంది. ఈ ఇద్దరిలో ఎవరి చేతిలో తుపాకీ ఎక్కువ ప్రమాదమో నేను చెప్పనవసరం లేదు.

అధికారులకు నా విన్నపం కూడా ఇదే. చికిత్స పొందిన చరిత్రను చూడగానే దరఖాస్తును పక్కన పెడితే జనం నేర్చుకునే పాఠం ఒకటే: చికిత్సకు వెళ్ళకు, వెళ్ళినా చెప్పకు. అలా జరిగితే విచారణ రోగాన్ని బయటపెట్టదు, మరింత లోపలికి తోస్తుంది. చికిత్స చేసిన వైద్యుని అభిప్రాయం తెప్పించుకొని, అవసరమైతే కొన్ని నెలలు వాయిదా వేసి మళ్ళీ పరిశీలించడం ఉభయులకూ మేలు.

తుపాకీ ఇంట్లో చేసే పని

కంచె వేసేది చేను కోసం. కంచే చేను మేయడం మన పెద్దలు చూసిన అనుభవమే. ఇంట్లో తుపాకీ విషయంలో వైద్య పరిశోధనలు చెబుతున్నది అదే. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 1993లో ప్రచురితమైంది. తుపాకీ ఉన్న ఇళ్ళలో హత్య జరిగే ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఎక్కువని, అది ప్రధానంగా బయటి దొంగల వల్ల కాక కుటుంబ సభ్యులు, పరిచయస్థుల వల్ల కలిగే ప్రమాదమని అది తేల్చింది. కాలిఫోర్నియాలో సుమారు 2.6 కోట్ల మందిని 2004 నుండి 2016 వరకు గమనించిన మరొక అధ్యయనం 2020లో వెలువడింది. చేతి తుపాకీ కొన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, తుపాకీ లేని పురుషులతో పోలిస్తే సుమారు ఎనిమిది రెట్లు. స్త్రీలలో అది సుమారు ముప్పై అయిదు రెట్లు. ఈ ప్రమాదం తుపాకీ కొన్న తొలి రోజులలో అత్యధికంగా ఉండి, తరువాత కూడా ఏళ్ళ తరబడి కొనసాగింది.

అమెరికా సంగతి మనకెందుకు అనవచ్చు. మన పల్లెలలో తుపాకులు తక్కువే. కానీ పురుగుమందు డబ్బా ప్రతి రైతు ఇంట్లో ఉన్నది. క్షణికావేశానికి ప్రాణాంతకమైన వస్తువు చేతికందితే ఏమవుతుందో సర్కారు ఆస్పత్రిలో పనిచేసిన ప్రతి వైద్యునికీ తెలుసు. బతికి బయటపడినవారిలో ఎక్కువమంది మరునాడే "ఎందుకు చేశానో నాకే తెలియదు" అంటారు. ఆత్మహత్యాయత్నం నుండి బయటపడిన ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఆ తరువాత ఆ విధంగా మరణించరని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఆ ఒక్క గడియ గడిస్తే జీవితం నిలబడుతుంది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1990ల నుండి వరుసగా నిషేధించిన శ్రీలంకలో 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. మనుషుల కష్టాలు తగ్గలేదు. చేతికందే దూరం పెరిగింది, అంతే.

లైసెన్సు విచారణ కూడా అటువంటి దూరమే. దానిని తొందరగా దాటించే ప్రతి మధ్యవర్తీ, చూడకుండా సంతకం చేసే ప్రతి వైద్యుడూ ఆ దూరాన్ని తగ్గిస్తున్నారు.

నిజమైన భయం ఉన్నవారి మాట

అవతలి వాదనను నేను తేలికగా తీసుకోను. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, కందుల వ్యాపారం ఉన్న తాండూరులో పెద్ద మొత్తాలు చేతులు మారుతుంటాయి. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్నది. రాత్రివేళ నిర్జనమైన రోడ్డు మీద పోయేవాని భయం బల్ల ముందు కూర్చొని రాసేవానికి పూర్తిగా తెలియదు. పోలీసులు అన్నిచోట్లా ఉండలేరు. తపాలాలో ఆరు నెలలు తిరిగే ఫైలు నిజాయితీపరుని విసిగిస్తుంది, పలుకుబడి ఉన్నవానికి అడ్డు కాదు. ఈ ఫిర్యాదులో న్యాయం ఉన్నది. గడువు లోపల నివేదిక పంపడం, నిరాకరిస్తే కారణం చెప్పడం అధికారుల విధి.

అయితే ఒక ప్రశ్న ఎవరికి వారు వేసుకోవాలి. నాకు కావలసింది తుపాకీయా, భద్రతా? చెల్లింపులను బ్యాంకు ఖాతాల ద్వారా చేయడం, ప్రయాణ వేళలను మార్చుకోవడం, తోడుగా మరొకరిని తీసుకుపోవడం, బెదిరింపులను వెంటనే ఫిర్యాదు చేయడం చాలామంది భయాన్ని తీర్చగలవు. అడవిపందుల బెడద ఉన్న అనంతగిరి ప్రాంత రైతులకు కూడా ఒక మాట: పంట రక్షణ పేరుతో లైసెన్సు తెచ్చుకున్నా వన్యప్రాణిని చంపడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి వేరుగా కావాలి. లైసెన్సు కాగితం ఒక్కటే చాలదు.

లైసెన్సు వచ్చినా తుపాకీ ప్రదర్శన వస్తువు కాదు. బహిరంగ స్థలంలో చేతి తుపాకీని హోల్‌స్టర్ వంటి సంచిలో ఉంచి, పూర్తిగా తన అదుపులోనే తీసుకుపోవాలి. దానిని ఝళిపించడం నిషేధం. మీసం మెలేయడానికి తుపాకీ కోరుకునేవారు ఈ మాటను దరఖాస్తుకు ముందే తెలుసుకోవడం మంచిది.

విదేశాలలో మన పిల్లలు

మన జిల్లా నుండి కూడా ఎందరో అమెరికాకు వెళ్ళారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో మన తెలుగు ఇంజనీరు విద్వేష కాల్పులకు బలైన తరువాత, తుపాకీ కొనుక్కోవాలా అన్న చర్చ అక్కడి ఇళ్ళలోనూ వచ్చింది. తల్లిదండ్రులు తెలుసుకోవలసినది: ఎఫ్‌-1, హెచ్‌-1బి వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తున్నది. పిల్లలకు ఫోను చేసినప్పుడు ఈ మాట చెప్పండి.

అక్కడి పద్ధతులలో తేడాలు కూడా ఆలోచింపజేస్తాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి 21 ఏళ్ళు నిండి, చట్టపరమైన నిషేధం లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట తీసుకుపోవచ్చు. న్యూయార్కులో 2022 సెప్టెంబరు నుండి అమలైన చట్టం ప్రకారం దరఖాస్తుదారుడు స్వయంగా హాజరై అధికారితో మాట్లాడాలి. తన నడవడిక తెలిసిన నలుగురి పేర్లు ఇవ్వాలి. ఇంట్లో తనతో ఉండే జీవిత భాగస్వామి, పెద్దల వివరాలు ఇవ్వాలి. 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల శిక్షణ పొందాలి. కెనడాలో లైసెన్సు దరఖాస్తు మీద ప్రస్తుత జీవిత భాగస్వామి సంతకం అడుగుతారు. సంతకం లేకపోతే దరఖాస్తు సంగతిని ఆ భాగస్వామికి తెలియజేస్తారు. నేను మెచ్చిన అంశం ఇదే. మనిషి కోపం, తాగుడు, నిద్రలేని రాత్రులు ఊరికి తెలియకపోవచ్చు, ఇల్లాలికి తెలుస్తాయి.

నా సూచనలు

1. దరఖాస్తుదారులకు: విచారణకు ముందు ఇంట్లోవారితో కూర్చొని మాట్లాడండి. భార్య భయపడుతున్నదంటే ఆ భయాన్ని మొదటి వైద్య నివేదికగా భావించండి.

2. వైద్యులకు: మనిషిని చూడకుండా ఎస్‌-3 మీద సంతకం చేయకండి. మద్యం, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగితే గుండె బరువు దిగినవారినే నేను చూశాను.

3. పోలీసు అధికారులకు: దరఖాస్తుదారుని ఎదుట కాక, ఇంటి స్త్రీలతో మహిళా సిబ్బంది ద్వారా విడిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. అందరి ముందు అడిగితే "ఆయన బంగారం" అనే చెబుతారు.

4. కలెక్టరు గారి కార్యాలయానికి: జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో నెలకు ఒక రోజు, ఆయుధ లైసెన్సు దరఖాస్తుదారులను మానసిక వైద్యునితో పరీక్షించే ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

5. ఇప్పటికే లైసెన్సు ఉన్నవారికి: ఎన్నికల వేళ తుపాకులను స్టేషనులో అప్పగించడం మీకు అలవాటే. పంట పోయినప్పుడు, అప్పు మీద పడినప్పుడు, ఇంట్లో మరణం సంభవించినప్పుడు కూడా అదే పని మీ అంతట మీరు చేయండి. స్టేషనులో గాని, లైసెన్సున్న డీలరు వద్ద గాని భద్రపరచమని కోరండి. మనసు కుదుటపడిన తరువాత తెచ్చుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు. జ్వరం వచ్చినప్పుడు చన్నీటి స్నానం మానుకున్నట్లే ఇదీ.

తుపాకీ ఉన్నా లేకున్నా, మనసు భరించలేనంత బరువుగా ఉన్నప్పుడు 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. తెలుగులోనే మాట్లాడతారు, రుసుము లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఇంట్లో ఎవరైనా మాటలు తగ్గించి, నిద్ర మాని, "నేను లేకపోతే మీకే సుఖం" అంటూ ఉంటే వారి తరఫున మీరైనా చేయండి. ఆ నంబరును ఈరోజే మీ ఫోనులో భద్రపరచుకోండి.